కప్పీపై తాడు తన్యత

తాడును రెండు కొసల వద్ద లాగినపుడు దాని పొడవునా ఏర్పడే బిగువు బలాన్ని తన్యత అంటారు. తాడు ఒక కప్పీ (గిలక) మీదుగా వెళ్ళేటప్పుడు, కప్పీ భ్రమణాన్ని నిర్ణయించేది తన్యత పరిమాణం కాదు, ఇరువైపుల తన్యతల మధ్య గల తేడా. రెండు వైపులా 100 న్యూటన్ల చొప్పున కిందికి లాగితే నిశ్చలంగా ఉన్న కప్పీ తిరగదు; ఇరుసుపై మాత్రం 200 న్యూటన్ల భారం పడుతుంది.

భ్రమణానికి కారణం

తన్యతల తేడాను కప్పీ వ్యాసార్ధంతో గుణిస్తే కప్పీని తిప్పే బల భ్రామకం (టార్కు) వస్తుంది. ఇరుసు వద్ద ఘర్షణ లేనపుడు ఇది కప్పీ జడత్వ భ్రామకం, కోణీయ త్వరణాల లబ్ధానికి సమానం. తాడంతటా తన్యత ఒకటేనని పాఠ్యపుస్తకాలు చెప్పేది ద్రవ్యరాశి, ఇరుసు ఘర్షణ లేని ఆదర్శ కప్పీకి మాత్రమే వర్తిస్తుంది. విద్యార్థులు తరచు మరచిపోయే షరతు ఇదే.

కేంబ్రిడ్జి గణిత శాస్త్రవేత్త జార్జ్ అట్‌వుడ్ 1784లో వర్ణించిన యంత్రం దీనికి మంచి ఉదాహరణ. కప్పీకి ఒకవైపు 5 కి.గ్రా., మరోవైపు 3 కి.గ్రా. వేలాడదీస్తే, ఆదర్శ కప్పీపై రెండు వైపులా తన్యత 36.75 న్యూటన్లే. అదే కప్పీ 2 కి.గ్రా. బిళ్ళ అయితే బరువైన వైపు 38.1, తేలికైన వైపు 35.9 న్యూటన్లు ఉంటాయి. కప్పీని తిప్పేది ఈ సుమారు 2.2 న్యూటన్ల తేడాయే.

బిగుసుకున్న గిలక

తాడు జారకుండా గిలకను తిప్పాలంటే వాటి మధ్య ఘర్షణ ఉండాలి. నూనె లేక, తుప్పు పట్టి ఇరుసు బిగుసుకుంటే గిలక ఆగి, తాడు దానిపై రాసుకుంటూ జారుతుంది. అప్పుడు తన్యతల నిష్పత్తి ఘర్షణ గుణకం, తాడు చుట్టుకున్న కోణాలతో ఘాతీయంగా పెరుగుతుంది. ఈ సూత్రాన్ని 18వ శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ ఇచ్చాడు. గిలక పెద్దదా చిన్నదా అన్న దానితో ఇక్కడ పని లేకపోవడం విశేషం.

ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, బావి గిలకపై అర చుట్టుకు ఈ నిష్పత్తి 2.57. అంటే 15 కిలోల నీళ్ళ చేదను పైకి తోడడానికి సుమారు 38 కిలోల బరువుకు సరిపడా లాగాలి. అదే చేదను దించేటప్పుడు 6 కిలోల పట్టు చాలు. స్తంభానికి మూడు చుట్లు వేస్తే నిష్పత్తి 286 దాకా పోతుంది. రేవులో ఒక మనిషి పడవ మోకును నిలబెట్టగలిగేది ఇందువల్లనే. లిఫ్టులలో కూడా మోకు చక్రంపై జారకుండా ఉండాలంటే ఇరువైపుల తన్యతల నిష్పత్తి ఈ హద్దు దాటకూడదు.

దారపు కండె

రెండు వైపులా బిళ్ళలున్న కండెను నేలపై ఉంచి, అడుగు నుండి వచ్చే దారాన్ని అడ్డంగా లాగితే కండె లాగినవారి వైపే దొర్లుతుంది. దారాన్ని బాగా పైకెత్తి లాగితే దూరంగా దొర్లిపోతుంది. దారం గీత సరిగ్గా కండె నేలను తాకే బిందువు గుండా పోయే కోణంలో తన్యతకు ఆ బిందువు చుట్టూ బల భ్రామకం ఉండదు కనుక కండె దొర్లదు, గట్టిగా లాగితే జారుతుంది. దారం చుట్టిన భాగపు వ్యాసార్ధం బిళ్ళ వ్యాసార్ధంలో సగమైతే ఆ కోణం 60 డిగ్రీలు.

ఇరుసుపై అమర్చిన కండె నుండి దారం నెమ్మదిగా విడిపోతున్నపుడు చుట్టు వ్యాసార్ధం తగ్గుతూ ఉంటుంది. ఇరుసు నిరోధం మారకపోతే, వ్యాసార్ధం సగమయ్యేసరికి దారంలో తన్యత రెట్టింపవుతుంది. నిండు కండె నుండి సాఫీగా వచ్చిన దారం చివరి చుట్ల వద్ద తెగడానికి ఇదొక కారణం.