ఓర్చుకోదగిన నొప్పి, ఓర్చుకోరాని నొప్పి



"ఊడిన పన్ను ఊడింది, ఈ వయసులో ఎవరు చూడొచ్చారు?" అని సరిపెట్టుకునేవాళ్లు మనలో చాలామంది. నమలలేక మెతుకులు మింగేస్తారు గాని డాక్టరు దగ్గరకు వెళ్లరు. ఇప్పుడు దవడ ఎముకలో చిన్న మరమేకు బిగించి, దానిమీద పన్ను నిలబెడుతున్నారు. దీన్నే ఇంప్లాంట్ అంటారు. ఎముకలో మేకు అనగానే గుండె గుభేలుమంటుంది కదూ! అందుకే ఆ నొప్పి సంగతి వివరంగా చెప్పుకుందాం.

ఆ మేకు టైటానియం అనే లోహంతో చేస్తారు. ఎముక ఈ లోహాన్ని పరాయిదనుకోకుండా గట్టిగా పట్టుకుంటుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ 1950ల్లో గ్రహించారు. 1965లో మొదటిసారి ఒక రోగికి ఈ పద్ధతిలో పళ్లు అమర్చారు.

బిగించేముందు మత్తుసూది ఇస్తారు గనుక అదిమినట్టు, అదిరినట్టు తెలుస్తుందే తప్ప నొప్పి ఉండదు. నొప్పి తెలిస్తే చెయ్యెత్తండి, మరికాస్త మందిస్తారు. అసలు నొప్పి మత్తు దిగాకే. మాత్రలు వేళకు వేసుకోవాలి. మొదటిరోజు ఐసుముక్కలు గుడ్డలో చుట్టి, పదేసి నిమిషాలు బుగ్గమీద ఆనించాలి. ఆ రోజు పుక్కిలించి ఉమ్మితే గడ్డకట్టిన నెత్తురు కదిలిపోతుంది. మర్నాటినుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లతో మెల్లగా పుక్కిలించవచ్చు. చల్లారిన జావ, పెరుగన్నం మంచివి. ఆవకాయ, జంతికలు కొన్నాళ్లు మరచిపొండి.

వాపు రెండో, మూడో రోజుకు బాగా పొంగుతుంది. భయపడకండి. ఆపైన రోజురోజుకీ తగ్గాలి. ఇక్కడే ఒక్కమాట. ఓర్చుకోవడం మనకు చిన్నప్పుడే నేర్పారు. తగ్గుముఖం పట్టిన నొప్పిని ఓర్చుకోండి. మూడురోజులు దాటాక పెరిగే నొప్పిని, చీమును, జ్వరాన్ని, ఆగని నెత్తురును ఓర్చుకోకండి. మత్తు దిగే వేళ దాటినా కింది పెదవి, గడ్డం మొద్దుబారి ఉంటే నరానికి దెబ్బ తగిలిందేమో చూడాలి. "ఇంట్లో పనులున్నాయి, రేపు చూద్దాం" అనక, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

నొప్పి పోయినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదండీ. ఎముక మేకును పట్టుకోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆ వైపు గట్టివి కొరకవద్దు. చక్కెర వ్యాధి అదుపులో లేకున్నా, చుట్ట, బీడీ, జర్దాకిళ్లీ అలవాటున్నా ఆ పట్టు చిక్కడం కష్టం. ఎముకల బలానికో, నెత్తురు పలచబడడానికో మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. వాటిని తమంతట తామే మానకూడదు.

ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనిషి తానూ నమిలి తినాలనుకోవడం అత్యాశేమీ కాదు. సెలవు.