ఇంకొంచెము అను మిఠాయి



వేసవి సెలవులు వచ్చినవనగా మన పల్లెలలోని పెద్ద యిండ్లకు కళ వచ్చును. పట్టణములనుండియు, సముద్రముల కావలి దేశములనుండియు కొడుకులు, కోడండ్రు, కూతుండ్రు, మనుమలు వత్తురు. వారి వెంట క్రొత్త తినుబండారములును వచ్చును. వానిని చూచి కొందరు పెద్దలు “మనకెందులకీ వింతలు” అని దూరముగా నుందురు. మరికొందరు పిల్లల మనస్సు నొచ్చునని యేమియు నడుగక తినివేయుదురు. ఈ రెండును సరియైన మార్గములు కావని నా యభిప్రాయము. ఒక మిఠాయిని దృష్టాంతముగా గైకొని యీ సంగతిని నేడు మనవి చేసెదను.

గత వేసవిలో మా మనుమరాలు అమెరికానుండి వచ్చినది. పండ్రెండేండ్ల పిల్ల. బంధువులందరు కూడిన యొక సాయంకాలము తన చేతులతో నొక మిఠాయి చేసి, ముక్కలు కోసి, పళ్లెములో పేర్చి మొట్టమొదట మా అక్కయ్య ముందుంచినది. అక్కయ్యకు డెబ్బదియైదేండ్లు, జన్మలో మాంసము నెరుగదు. “ఇందేమేమి వేసితివే, తల్లీ?” అని యడిగినది. పిల్ల పొట్లములపై అచ్చువేసిన పేరులను చదివినది: గోధుమపిండి, చక్కెర, చాక్లెటు, జెలటిన్. ఆ చివరి మాట కర్థ మచట నొక్కనికే తెలిసియుండెను. అతడు చెప్పగా అక్కయ్య మారు మాటాడక ముక్కను పళ్లెములో నుంచి లేచిపోయినది. పిల్ల ముఖము వాడిపోయినది. తప్పు పిల్లది కాదు, పెద్దామెదియు కాదు. ముప్పది యేండ్లు బడిలో పాఠములు చెప్పిన నాకే యా మాట తెలియదే యని సిగ్గుపడి, ఆ మిఠాయి పుట్టుపూర్వోత్తరములను విచారించితిని.

ఆంగ్లమున “సమ్ మోర్” అనగా “ఇంకొంచెము”. ఆ రెండు మాటలును కలిసి “స్మోర్” అయినది. మన సంధి వంటిదే. అమెరికాలో గర్ల్ స్కౌట్లను బాలికల సంఘము వారు 1927లో ప్రకటించిన వనసంచార పుస్తకములో దీనిని చేయు విధానము కలదు. పిల్లలు అడవిలో నెగడు చుట్టు కూర్చుండి, పుల్లకు తెల్లని మెత్తని మిఠాయి నొకటి గ్రుచ్చి నిప్పుపై వేచి, చాక్లెటు పలుకుతో గూడ రెండు బిస్కత్తుల నడుమ నుంచి తిందురు. ఒకటి తిన్నవాడు ఇంకొంచెము కావలె ననును గనుక ఆ పేరు. నెగడు లేని చోట ఇవే వస్తువులను పళ్లెములో పొరలు పొరలుగా పరచి, కాల్చి, పలకలుగా కోయుదురు. మా పిల్ల చేసినది ఆ రకము.

ఇందు మూడు వస్తువులు గలవు. మొదటిది గ్రాహము బిస్కత్తు. సిల్వెస్టర్ గ్రాహము (1794–1851) అను క్రైస్తవ బోధకుడు, జల్లించిన తెల్లని పిండి ఆరోగ్యమునకు చెరుపనియు, పొట్టుతోడి గోధుమపిండియే తినవలెననియు బోధించెను. ఆయన మద్యమును, మాంసమును విడిచినవాడు; 1850లో న్యూయార్కులో నేర్పడిన అమెరికా శాకాహార సంఘమును స్థాపించినవారిలో నొకడు. నేడు అంగళ్లలో దొరకు తీపి బిస్కత్తు ఆయన చెప్పిన రొట్టె కాదు గాని పేరు మాత్రము నిలిచినది.

రెండవది చాక్లెటు. ఇది కోకో గింజలనుండి వచ్చును. ఆ చెట్టు అమెరికా ఖండముది. నేడు మన గోదావరి జిల్లాలలో కొబ్బరితోటల నీడను అంతరపంటగా పండుచున్నది గనుక మీలో ననేకులు దాని కాయలను చూచియే యుందురు.

మూడవదియే ఆ తెల్లని మెత్తని పదార్థము, మార్ష్‌మెల్లో. మార్ష్ అనగా చిత్తడి నేల. అట్టి నేలలలో పెరుగు నొక మొక్క పేరే యీ మిఠాయికి వచ్చినది. అది మన బెండ, గోగు, ప్రత్తి, మందారముల కుటుంబమునకు జెందినది. బెండకాయను కోసిన చేతి కంటు జిగురును తలచుకొనిన, దీని వేరులోని జిగురు మీకు బోధపడును. 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు మిఠాయి వర్తకులు ఆ వేరు రసమును గ్రుడ్డు తెల్లసొనతోను చక్కెరతోను గిలకొట్టి దీనిని చేసిరి. ఆ పని శ్రమతో గూడినది. అందుచే తరువాతి వారు వేరును మాని జెలటిన్‌ను వాడసాగిరి. జెలటిన్ అనగా పశువుల తోళ్లను, ఎముకలను ఉడికించి తీసిన జిగురు. అది గోవుదియు కావచ్చును, పందిదియు కావచ్చును. పేరు మొక్కది, పదార్థము పశువుది. శాకాహారమును బోధించినవాని పేరు గల బిస్కత్తుపైన నేడు ఎముకల జిగురు కూర్చున్నది!

మాంసము తినువారిని నిందించుట నా యుద్దేశము కాదు. వారిలోను గోవును తినని హిందువులు, పందిని తినని మహమ్మదీయులు గలరు. కావున తెలిసికొనుట అందరకును వలసినదే. మన దేశపు పొట్లములపై శాకాహారమునకు ఆకుపచ్చ గుర్తును, మాంసాహారమునకు గోధుమవన్నె గుర్తును ఉండును. అమెరికానుండి వచ్చిన పొట్లములపై ఈ గుర్తు లుండవలెనను నియమము లేదు. అందలి వస్తువుల పట్టికను చదివించుకొనవలెను.

ఇక జెలటిన్ లేకయే చేయు మార్గము చెప్పెదను. సముద్రపు నాచునుండి తీసిన అగర్ అను పదార్థము మన బజారులలో చైనా గ్రాస్ అను పేర దొరకును. నురుగు కొరకు గ్రుడ్డు నక్కరలేదు. కాబూలీ శనగలు ఉడికిన నీటిని గిలకొట్టిన తెల్లసొన వలెనే పొంగునని 2014లో ఫ్రాన్సు దేశస్థుడు జోయెల్ రోసెల్ కనుగొనెను. పప్పు పొంగి నురుగు పొయ్యిపాలగుట మన యాడువారు నిత్యము చూచుచున్నదే.

మా యింటి కొలత యిది. జెలటిన్, గ్రుడ్డు లేని గోధుమ బిస్కత్తులు 150 గ్రాములు పొడిచేసి, కరగిన వెన్న 75 గ్రాములు కలిపి, జానెడు పళ్లెములో నొత్తి, 175 డిగ్రీల వేడిగల ఓవెనులో పది నిమిషములు కాల్చవలెను. ఓవెను లేనివారు అడుగున ఇసుక పోసిన మందపు పాత్రలో పళ్లెము నుంచి, మూతవేసి కాల్చవచ్చును. వేడిగా నుండగనే చాక్లెటు ముక్కలు 150 గ్రాములు చల్లి, ఐదు నిమిషములాగి గరిటెతో పరచవలెను. ఉప్పు వేయక ఉడికించిన శనగల నీరు చిక్కగా, చల్లగా నున్నది 120 మిల్లీలీటర్లు తీసికొని, నిమ్మరసము నాలుగు చుక్కలు వేసి, కరెంటు కవ్వముతో పది నిమిషములు చిలికిన తెల్లగా గట్టిపడును. చక్కెర 150 గ్రాములు, అగర్ పొడి రెండు చిన్న చెంచాలు 120 మిల్లీలీటర్ల నీటిలో వేసి, కలియబెట్టుచు మూడు నిమిషములు తెర్లనిచ్చి, ఆ పాకమును సన్నని ధారగా నురుగులో పోయుచు చిలుకవలెను. ఆలస్యము చేయక చాక్లెటుపై పరచవలెను. అగర్ చల్లారుచుండగనే గడ్డకట్టును. గంటసేపాగి పైభాగమును మంటతో క్షణకాలము మాత్రమే ఎర్రబరచి, వేడినీట ముంచిన కత్తితో కోయవలెను. ఎక్కువసేపు కాల్చిన నీరగును.

రెంటికిని భేదము లేదని చెప్పను. జెలటిన్ మన దేహపు వేడికే కరగును గనుక నోటిలో సాగి మాయమగును. అగర్ కరగుటకు సుమారు 85 డిగ్రీల వేడి వలెను గనుక సాగదు, పుటుక్కున తెగును. అయినను మన రోహిణీకార్తె యెండకు నిలుచునది ఇదియే. చాక్లెటు మాత్రము ఆ యెండకు నిలువదు. వడ్డించువరకు చల్లని చోట నుంచవలెను. మధుమేహము గలవారు పేరును చూచి మోసపోక చిన్న తునకతో తృప్తిపడుదురు గాక.

ఈ వేసవిలో శనగలు నానబోసినది అక్కయ్యయే. నీరు చిలుక చిలుక తెల్లని కుప్పయగుట చూచి మనుమరాలికంటె నామెయే ఎక్కువ వింతపడినది. ఇద్దరును ఒకే పళ్లెములో తినిరి. “తీపి ఎక్కువే” అని అక్కయ్య తీర్పు చెప్పినది. చెప్పి, చేయి మరల చాచినది.

పెద్దలారా, పిల్లలు తెచ్చిన దానిని త్రోసివేయకుడు, అడుగక మ్రింగకుడు. “ఇందేమున్నది?” అని ప్రేమతో నడుగుడు. ఆ ప్రశ్నకు పిల్లయు పెద్దయు గలిసి ప్రత్యుత్తరము వెదకిన, ఇంటిలో పంక్తి రెండుగా చీలదు.