కంప్యూటర్ ఉంది.. చదివేటందుకు అక్షరమే లేదు

మా ఊరి పిల్లగాడు ఒకడు యూనివర్సిటీల ఎమ్మే తెలుగు చదువుతుండు. చూపు లేదు. మొన్న "అన్నా, ఒకసారి మా లైబ్రరీకి రా, నీకొకటి చూపిస్త" అంటే పోయిన. మూలకు కంప్యూటరుంది, హెడ్‌ఫోనుంది, గోడకు బోర్డు కూడ ఉంది. సిలబస్‌ల పుస్తకం తెరిచిండు. కంప్యూటర్ ఒక్క అక్షరం పలకలే. ఇంకోటి తెరిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు గడగడ చదివింది. "గిదే అన్నా నా చదువు" అని నవ్విండు. నాకు నవ్వు రాలే.

తప్పు కంప్యూటర్‌ది కాదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటరు. అండ్ల ఎన్‌వీడీఏ అనేది పైస ఖర్చు లేకుంట దొరుకుతది. 2006ల దాన్ని మొదలుపెట్టిన మైకేల్ కరన్‌కు కూడ చూపు లేదు. అది తెలుగు కూడ చదువుతది. కానీ దానికి అక్షరం కావాలె. మనోళ్లు ఇస్తున్నది ఫొటో. పుస్తకాన్ని ఉత్తగ స్కాన్ చేసి పీడీఎఫ్ పెడితే అది పేజీ బొమ్మనే. పాత డీటీపీ ఫాంట్లది ఇంకో కథ. మన కంటికి 'అమ్మ' అని కనిపిస్తది, లోపల ఉన్నయి వేరే గుర్తులు. యూనికోడ్‌ల ఉంటెనే 'అ' అంటే 'అ' అని కంప్యూటర్‌కు తెలుస్తది.

మరి మందేంది? ఓసీఆర్‌తోని బొమ్మను అక్షరాలు చెయ్యొచ్చు. ఒత్తుల కాడ తప్పులొస్తయి కాబట్టి తెలుగొచ్చిన మనిషి దిద్దాలె. పాత ఫాంట్లను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు కూడ ఉన్నయి.

"కాపీరైట్ అడ్డమొస్తది" అంటరు కొందరు. రాదు. 2012ల చట్టాన్ని సవరించి, వికలాంగులు చదివేటట్టు పుస్తకాన్ని మార్చే వీలిచ్చిన్రు. లాభం కోసం చెయ్యొద్దు. అచ్చు పుస్తకం చదవలేనోళ్ల కోసం 2013ల మర్రకేష్‌ల అంతర్జాతీయ ఒప్పందమైతే, 2014ల అందరికన్న ముందు ఆమోదించింది మన దేశమే. చట్టం ముందే వచ్చింది, లైబ్రరే ఇంకా రాలే.

ఇప్పుడా పిల్లగాడు దోస్తు చదివి వినిపిస్తేనే చదువుకుంటుండు. దోస్తుకు పనిబడ్డ రోజు ఈయన చదువు బందు. పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒక్కటే రోజు.

సార్లూ, అన్ని పుస్తకాలు ఒక్కపారే అయితయా అనకున్రి. ఈ సెమిస్టర్ పుస్తకాలన్న ముందు దిద్ది పెట్టున్రి. కొత్తగ కొనేటప్పుడు యూనికోడ్ ఫైలు అడుగున్రి. కంప్యూటర్ కొన్నమని లెక్కల రాస్తరు గద, ఎన్ని పుస్తకాలు వినబడుతున్నయో గది కూడ రాయున్రి.