విమానం ఎవరిది?

పుష్పక విమానం కథ మన విద్యార్థులకు తెలియనిది కాదు. అది కుబేరుని సొత్తు. రావణుడు దానిని బలవంతంగా లాగుకొన్నాడు. రావణ వధానంతరం శ్రీరాముడు దానిపై అయోధ్య చేరుకొని, పని తీరిన పిమ్మట తిరిగి కుబేరుని వద్దకే పంపివేసినాడు. ఉర్దూ విభాగంలోని మా మిత్రులు గాలిపై తేలిపోయే సులేమాన్ తఖ్తును గురించి చెప్పుతారు. ఆ తఖ్తు విషయంలో యాజమాన్యపు తగవు లేదు, అది దైవదత్తం. పుష్పకం సంగతి అట్లా కాదు. యజమాని ఒకరు, ఎక్కి తిరిగినవారు వేరొకరు. నేటి విమానాల స్థితి పుష్పకం స్థితికే దగ్గరగా ఉన్నదని మాకు తోచడానికి ఒక చిన్న లోహపు పలక కారణం.

తెల్లాపూర్ పరిసరాలలో ఉండేవారికి విమాన ప్రయాణం ఇప్పుడు వింత కాదు. కొల్లూరు వద్ద ఔటర్ రింగు రోడ్డెక్కితే శంషాబాదు చేరడానికి గంట పట్టదు. ఇటీవల అట్లాగే వెళ్లి విమానమెక్కుతూ, ముందు ద్వారపు చట్రం దగ్గర బిగించిన ఆ పలకను చూచినాము. తోకపై ఉన్నది మన దేశపు సంస్థ పేరు. పలకపై ఉన్నది ఐర్లాండు రాజధాని డబ్లిన్ నగరంలోని ఒక కంపెనీ పేరు. విమానం తమదనీ, అద్దెకిచ్చినామనీ దాని సారాంశం. వెనుకనున్నవారు తొందరపెట్టినందున పూర్తిగా చదువలేకపోయినాము. కాని కూర్చున్న తరువాత కూడా ఒక ప్రశ్న మమ్ము విడువలేదు. మనం ఎక్కిన విమానం ఎవరిది? మనం దిగబోయే నేల ఎవరిది?

హైదరాబాదుకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మన నగరానికి విమానాశ్రయమన్నది లేని రోజులలోనే విమానాల కొనుగోలుకు మన ధనం వెళ్లినది. 1918లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిషు రాజ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు విమానాలను బహూకరించినాడు. అందువల్ల ఆ దళానికి హైదరాబాదు స్క్వాడ్రన్ అన్న పేరు నిలిచినది. రెండవ ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాలు నడిపిన 152వ స్క్వాడ్రన్‌కు కూడా హైదరాబాదు పేరే. దాని చిహ్నంపై నిజాం శిరోభూషణం ఉండేది. సొమ్ము ఇక్కడిది, ఎగిరినది అక్కడ.

తరువాత పరిస్థితి మారినది. 1930లలో హైదరాబాదు ఏరో క్లబ్బు ఏర్పడినది. దానితో బేగంపేట విమానాశ్రయం వెలసినది. 1930లో రైల్వేను ఆంగ్ల కంపెనీ నుండి స్వాధీనం చేసుకొన్న హైదరాబాదు ప్రభుత్వం 1932లో అదే శాఖ కింద 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించినది. విమానాల వ్యవహారం కూడా క్రమంగా ఆ శాఖ చేతికే వచ్చినది. రైలు, బస్సు, విమానం – మూడింటికీ ఒకే పెద్ద! నేడు ఒక బస్సు దిగి మరొక బస్సెక్కడానికే అవస్థపడే మనకు ఈ సంగతి కొంత అసూయ కలిగించక మానదు.

1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ స్థాపితమైనది. ఇందులో హైదరాబాదు ప్రభుత్వానికి 71 శాతం వాటా. మిగిలినది టాటా వారిది. (బెంగుళూరు కేంద్రంగా 2003లో మొదలైన ఎయిర్ డెక్కన్‌కూ దీనికీ సంబంధం లేదు. విద్యార్థులు తరచు పొరబడుతారు.) యుద్ధానంతరం డకోటా విమానాలు చౌకగా లభించినవి. బేగంపేట నుండి మద్రాసు, ఢిల్లీ మొదలైన నగరాలకు ఆ విమానాలు నడిచినవి. మరొక ఘనత కూడా ఈ సంస్థదే. ప్రేమ్ మాథుర్ అనే యువతి విమానచోదక అర్హతా పత్రం చేతబట్టుకొని ఎనిమిది సంస్థల తలుపులు తట్టినదట. స్త్రీ అన్న కారణంగా ఎవరూ తీసుకొనలేదు. చివరకు 1947లో ఉద్యోగమిచ్చినది డెక్కన్ ఎయిర్‌వేస్. భారతదేశంలో ప్రయాణికుల విమానం నడిపిన తొలి మహిళ ఆ విధంగా మన బేగంపేట నుండి ఆకాశానికెగసినది.

ఆనాడు "విమానం ఎవరిది?" అంటే సమాధానం తేలిక. హైదరాబాదుది. 1953లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం దేశంలోని విమాన సంస్థలు జాతీయమైనవి. ఆ సంవత్సరం ఆగస్టు 1 నుండి డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది. అప్పుడు కూడా సమాధానం తేలికే. దేశానిది. చిక్కు తరువాత వచ్చినది.

ఇక ఐర్లాండు సంగతి. ఆ చిన్న దేశానికీ మన పాత హైదరాబాదుకూ కొంత పోలిక ఉన్నది. 1945 నాటికి ఐర్లాండు జనాభా సుమారు ముప్పై లక్షలు. హైదరాబాదు సంస్థానపు జనాభా కోటిన్నరకు పైచిలుకు. అక్కడ 1936లో ఒక చిన్న డ్రాగన్ విమానంతో ఏర్ లింగస్ అనే ప్రభుత్వ సంస్థ మొదలైనది. ఇక్కడ తొమ్మిదేండ్లకు డెక్కన్ ఎయిర్‌వేస్. వారికి పడమటి తీరాన షానన్ విమానాశ్రయం ఉండేది. అట్లాంటిక్ సముద్రం దాటే అనేక విమానాలు ఇంధనం కోసం అక్కడ దిగేవి. దిగినవారి జేబులను గమనించి 1947లో బ్రెండన్ ఓ రీగన్ అనే ఆయన ప్రపంచంలో తొలి సుంకరహిత విమానాశ్రయ దుకాణాన్ని షానన్‌లో తెరిపించినాడు. జెట్ విమానాలు వచ్చి, దిగకుండానే పైనుండి పోవడం మొదలుపెట్టగానే, అక్కడివారు చేతులు ముడుచుకొని కూర్చొనలేదు. 1959లో విమానాశ్రయం ప్రక్కనే పన్ను రాయితీలు గల పారిశ్రామిక మండలం వెలసినది.

విమానాల అద్దె వ్యాపారం పుట్టిన తీరు మరీ చిత్రమైనది. ఏర్ లింగస్ వద్ద జంబో జెట్ విమానాలుండేవి. వేసవిలో అమెరికా ప్రయాణికులతో కిటకిటలాడే ఆ విమానాలు చలికాలంలో ఖాళీగా నిలిచేవి. నిలిచిన విమానం తిండి తిని పని చేయని ఎద్దు వంటిది. టోనీ రయన్ అనే ఉద్యోగి ఒక జంబోను ఎయిర్ సయాం అనే థాయిలాండు సంస్థకు అద్దెకిచ్చే పని చూచుకొన్నాడు. ఇందులోనే వ్యాపారమున్నదని గ్రహించి 1975లో షానన్ కేంద్రంగా గిన్నెస్ పీట్ ఏవియేషన్ సంస్థను భాగస్వాములతో స్థాపించినాడు. అది 1992లో షేర్ల విక్రయంలో ఘోరంగా దెబ్బతిన్నది. కాని అక్కడ శిక్షణ పొందినవారు, న్యాయవాదులు, గణకులు ఐర్లాండులోనే ఉండిపోయి కొత్త సంస్థలు నడిపినారు. కంపెనీలపై తక్కువ పన్ను, అనేక దేశాలతో పన్ను ఒప్పందాలు వారికి తోడ్పడినవి. నేడు ప్రపంచంలో అద్దెపై తిరిగే విమానాలలో సగానికి పైగా ఐర్లాండు నుండి నిర్వహింపబడుతున్నవి. ఒక సంస్థ కూలినా విద్య అక్కడే మిగిలినది. మాకు ఈ కథలో అన్నిటికంటె ఎక్కువగా నచ్చినది అదే.

అద్దె ఎట్లా నడుస్తుంది? ఒక విమానం ఖరీదు వందల కోట్ల రూపాయలు. అంత సొమ్ము ఒకేసారి పెట్టగల విమాన సంస్థలు తక్కువ. అందుచేత అద్దె కంపెనీ విమానం కొని, ఆరేండ్లకో పన్నెండేండ్లకో ఇస్తుంది. నెలనెలా అద్దె గాక, ఇంజన్ల మరమ్మతు నిమిత్తం ఎగిరిన గంటలను బట్టి విడిగా సొమ్ము జమ చేయించుకొంటుంది. ఇంకొక పద్ధతి కూడా ఉన్నది. సంస్థయే పెద్ద సంఖ్యలో విమానాలకు ఆర్డరిచ్చి, ధరలో రాయితీ పొంది, చేతికి వచ్చిన విమానాన్ని వెంటనే అద్దె కంపెనీకి అమ్మి, తిరిగి దాని వద్దనే అద్దెకు తీసుకొంటుంది. 2005లో 100 విమానాలకు ఆర్డరిచ్చిన ఇండిగో ఈ పద్ధతితోనే ఎదిగినది. మన ఊళ్లలో ఇల్లు కట్టి, అమ్మి, అందులోనే కిరాయికి ఉన్నవారిని చూస్తే నవ్వుతాము. ఆకాశంలో అది తెలివి. ఇట్టి విమానానికి యజమాని డబ్లిన్‌లో ఉన్నా, నమోదు మన దేశంలోనే. అందుకే రెక్కలపై 'వీటీ' అన్న భారతదేశపు అక్షరాలుంటాయి.

నేల సంగతి కూడా ఇంతే చిక్కుగా ఉన్నది. బేగంపేట చుట్టూ నగరం పెరిగి, చివరి సంవత్సరంలో సుమారు 70 లక్షల ప్రయాణికుల తాకిడికి అది ఊపిరాడక తల్లడిల్లినది. 2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైనది. బేగంపేటలో ప్రయాణికుల విమానాలు నిలిచిపోయినవి. 5,495 ఎకరాల నేల. మామిడిపల్లి, గొల్లపల్లి వంటి గ్రామాల రైతులది కొంత, సర్కారుది కొంత; నేడది కంపెనీకి ప్రభుత్వమిచ్చిన కౌలు. ఆ కంపెనీలో ఆరంభాన జీఎంఆర్ వాటా 63 శాతం, మలేసియా విమానాశ్రయాల సంస్థది 11 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికీ కేంద్ర విమానాశ్రయాల ప్రాధికార సంస్థకూ చెరి 13 శాతం. మలేసియా వాటా కూడా ఇటీవల జీఎంఆర్ చేతికి వచ్చినది. ఆకాశ మార్గాల నియంత్రణ మాత్రం ప్రాధికార సంస్థది, కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానిది. అనగా ఒక్క ప్రయాణంలో మనం కనీసం అరడజను యజమానుల చేతులు మారుతాము. కోటి ఇరవై లక్షల మంది కొరకు నిర్మించిన ఆ ప్రాంగణం గుండా 2023–24లో రెండున్నర కోట్ల మంది ప్రయాణించినారు. పాతబస్తీ నుండి, నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు పోయేవారు ఒకప్పుడు రైలెక్కి బొంబాయి పోయి, రోజుల తరబడి పడిగాపులు పడేవారు. ఆ బాధ తప్పినది. ఈ ఏర్పాటు మంచిది కాదని మేమనము.

అయితే యాజమాన్యం ప్రశ్న అంతా సవ్యంగా నడిచినంత కాలం ఎవరికీ పట్టదు. చెడినప్పుడే బయటపడుతుంది. 2023 మే 2న గో ఫస్ట్ సంస్థ దివాలా రక్షణ కోరినది. మరునాటి నుండి దాని విమానాలు ఎగరలేదు. అద్దె కంపెనీలు, వాటిలో పలు ఐర్లాండువి, తమ విమానాలు తమకిమ్మన్నవి. దివాలా చట్టపు నిషేధం అడ్డువచ్చినది. దాదాపు సంవత్సరం పాటు విమానాలు ఎండకు ఎండి వానకు తడిసినవి. 2024 ఏప్రిల్ 26న ఢిల్లీ హైకోర్టు 54 విమానాల నమోదును రద్దు చేయవలసినదిగా ఆదేశించినది. నిజానికి ఇటువంటి తగవులు తీర్చడానికే 2001లో కేప్‌టౌన్‌లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరినది. శంషాబాదు తెరచిన 2008లోనే మన దేశం అందులో చేరినది. చేరినది గాని, ఇంటి చట్టం చేయలేదు. దాని ఫలితంగా మన సంస్థలకు అద్దెలు ఎక్కువ పడేవి. ఇచ్చినది తిరిగి వస్తుందో రాదో తెలియనివాడు వడ్డీ ఎక్కువే అడుగుతాడు కదా!

ఆ చట్టం 2025లో వచ్చినది. పార్లమెంటులో దానిని ప్రవేశపెట్టిన పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం వారు. శంషాబాదు నిర్మించిన గ్రంధి మల్లికార్జునరావు పుట్టిన రాజాం కూడా చాలాకాలం ఆ జిల్లాలోనిదే. విమానాలకూ ఆ జిల్లాకూ ఏదో ముడి ఉన్నట్లున్నది. ఇప్పుడు సంస్థ దివాలా తీస్తే, నిర్ణీత గడువు లోపల బాకీ తీర్చాలి, లేదా విమానాన్ని యజమానికి అప్పగించాలి. ఆ గడువు రెండు నెలలు. ఇది న్యాయమేనని మా అభిప్రాయం. అయితే ఆ గడువు విమానపు యజమానిని రక్షిస్తున్నది, కాని టిక్కెట్టు కొన్నవానిని కాదు. ఆరు నెలల సంపాదనతో దుబాయికి టిక్కెట్టు కొన్న కూలివాడు దివాలా లెక్కలలో ఏ హామీ లేని అప్పులవాడుగా వరుస చివర నిలబడవలసినదే. విమానాన్ని వెనుకకు రప్పించే చట్టం చేసినవారు టిక్కెట్టు సొమ్మును కూడా విడిగా భద్రపరచవలసిన నియమం చేసి ఉండవచ్చును. ఈ కోణాన్ని మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు పరిశీలించవలెనని మా కోరిక.

చిన్న పట్టణాల గతి ఇంకొకటి. హైదరాబాదు కేంద్రంగా 2015 జులైలో ట్రూజెట్ అనే సంస్థ ఏటీఆర్ విమానాలతో బయలుదేరినది. అవి కూడా అద్దె విమానాలే. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం కింద కడపకు, నాందేడుకు హైదరాబాదు నుండి దాని విమానాలు మొదలైనవి. నాందేడు ఒకప్పటి మన సంస్థానపు పట్టణమే. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నది. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఆగిపోయినది. కడపకు కొద్ది వారాలలోనే ఇండిగో వచ్చినది. నాందేడు మాత్రం మళ్లీ హైదరాబాదు విమానాన్ని చూచినది 2024లో.