రాతి బొమ్మ అడుగేసింది!

ముంబయి రహదారిలో పటాన్‌చెరు పొగగొట్టాలు దాటి, సంగారెడ్డి మీదుగా సదాశివపేట వైపు వెళ్తుంటే నందికంది వస్తుంది. కంటెయినర్ లారీలూ కంపెనీ బస్సుల హడావుడిలో ఆగేవాళ్లు తక్కువేగానీ, ఆ ఊళ్లో కల్యాణి చాళుక్యుల కాలంనాటి రామలింగేశ్వరాలయం ఉంది. లోపలి స్తంభాల మీద దేవతలతోపాటు నాట్యం చేసే బొమ్మలూ ఉంటాయి. చూస్తాం, దణ్నం పెట్టుకుని వచ్చేస్తాం. ఎత్తిన ఆ కాలు తర్వాత ఎక్కడ దిగిందో, ఆ చెయ్యి ఎటు తిరిగిందో ఎవరాలోచిస్తారు?

ఒకాయన ఆలోచించారు. ఆయన చూసింది ఈ గుడి స్తంభాల్ని కాదు, ఓరుగల్లుకు అవతల పాలంపేటలో ఉన్న రామప్ప గుడి శిల్పాల్ని. ఆ ఆలోచనతోనే దాదాపు జీవితమంతా గడిపేశారు. పెళ్లి కూడా చేసుకోలేదు. ఆయనే నటరాజ రామకృష్ణ.

రామకృష్ణ 1923 మార్చి 21న ఎక్కడో ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో పుట్టారు. నటరాజ అన్నది ఇంటిపేరు కాదు, చిన్న వయసులోనే వచ్చిన బిరుదు. మగపిల్లాడు గజ్జె కడతానంటే ఇంట్లోవాళ్లు తల పట్టుకునే రోజులవి. అయినా మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర భరతనాట్యం, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి దగ్గర కూచిపూడి నేర్చుకున్నారు. ఆయన మరో గురువు నాయుడుపేట రాజమ్మ. ఆలయ నర్తకి. రామకృష్ణ దారి మారింది అక్కడే అనుకోవాలి.

దేవదాసీ దురాచారాన్ని నిషేధిస్తూ మద్రాసు ప్రభుత్వం 1947లో చట్టం తెచ్చింది. ఆ ఆచారం పోవాల్సిందే. కానీ, ఆ ఇళ్లలో తరాలుగా దాచుకున్న విద్య కూడా దాంతోపాటే అటకెక్కింది. అమ్మమ్మ గుళ్లో ఆడేదంటే మనవరాలికి సంబంధం రాదన్న భయం. అలాంటి వాళ్ల గడప తొక్కి, 'అమ్మా, మీకు వచ్చింది నేర్పండి' అని అడగడం మాటలు కాదు. రామకృష్ణ ఊరూరా తిరిగి అదే చేశారు. 1970లో హైదరాబాద్‌లో సదస్సు పెట్టి, ఆ కళావంతుల విద్యను 'ఆంధ్రనాట్యం' పేరుతో సభ ముందు నిలబెట్టారు. పిఠాపురం కుంతీమాధవస్వామి గుళ్లో తొమ్మిది రాత్రులు ఆడే నవజనార్దన పారిజాతానికీ ప్రాణం పోశారు. శిష్యుడు కళాకృష్ణ అందులో సత్యభామగా పేరు తెచ్చుకున్నారు. ఇక్కడో చేదు నిజం కూడా ఉంది. కళకు గౌరవం దక్కిందిగానీ, ఆ ఇళ్ల ఆడపిల్లలు మాత్రం చాలావరకు దానికి దూరంగానే ఉండిపోయారు.

ఆంధ్రనాట్యానికి కనీసం ముసలమ్మలున్నారు. మరి పేరిణికి?

శివుడి ముందు మగవాళ్లు ఆడే వీరతాండవం అది. యుద్ధానికి వెళ్లేముందు కాకతీయ సైనికులు ఆడేవారని చెబుతారు. రామకృష్ణ నాటికి దాన్ని నేర్పేందుకు గురువన్నవాడే మిగల్లేదు. ఉన్న ఆధారాలు ప్రధానంగా రెండు. ఒకటి- గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయప సేనాని 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో రాసిన 'నృత్త రత్నావళి'. రెండోది- అంతకు నలభై ఏళ్ల ముందు, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి. పుస్తకం లక్షణం చెబుతుంది. రాయి భంగిమ చూపిస్తుంది. ఒక భంగిమలోంచి మరోదాంట్లోకి ఎలా వెళ్లాలో, ఏ దరువుకి ఏ అడుగో రెండూ చెప్పవు! ఆ ఖాళీని తనకు తెలిసిన సంప్రదాయాలతో, ఊహతో ఆయనే పూరించుకున్నారు. మద్దెల మోత, శంఖనాదం, వరుసలు కట్టిన కుర్రాళ్ల అడుగులు... అన్నీ కొత్తగా కూర్చుకోవాల్సినవే.

1985 ఫిబ్రవరి 17. మహాశివరాత్రి. దాదాపు వంద మంది కుర్రాళ్లు రామప్ప గుడి దగ్గర పేరిణి ఆడారు. చూడ్డానికి జనం విరగబడి వచ్చారు.

'ఇది కాకతీయుల పేరిణేనా?' అని సందేహించినవాళ్లూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఏడు శతాబ్దాల కిందటి నాట్యం అచ్చంగా ఇలాగే ఉండేదని ఎవరూ ప్రమాణం చేయలేరు. పాతదాన్ని వెతుకుతూ బయల్దేరిన మనిషి చివరికి చేసింది ఓ కొత్త ప్రయోగం. ఆయన్ను పరిశోధకుడిగా మాత్రమే పొగిడేవాళ్లు ఈ సంగతి మర్చిపోతుంటారు.

ఆయనకు 1992లో పద్మశ్రీ వచ్చింది. నాట్యం మీద నలభైకి పైగా పుస్తకాలు రాసి, 2011 జూన్ 7న 88వ ఏట హైదరాబాద్‌లో కన్నుమూశారు. పదేళ్ల తర్వాత, 2021 జులైలో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు దక్కింది. ఇప్పుడు ఆయన శిష్యుల శిష్యులు పేరిణి నేర్పుతున్నారు. పేరిణి లాస్యం పేరుతో అమ్మాయిలూ గజ్జె కడుతున్నారు.