సూత్రము చాలదు, వ్యాఖ్య కావలెను

శనిత్రయోదశి యనగా నేమో మన యిండ్లలో పదేండ్ల బాలికకును దెలియును. శనివారమును త్రయోదశియు నొక్కనాడే కూడి వచ్చిన దినమది. ప్రతి శనివారమును శనిత్రయోదశి గాదు. ప్రతి త్రయోదశియు గాదు. ఇంత చిన్న సంగతిని ఒక యంత్రము వేరొక విధముగా గ్రహించుటచే మా యక్కగారి కుమార్తె తన యుద్యోగమునే మానివేయ దలచెను. ఆ వృత్తాంతమును సోదరీమణులకు విన్నవించుటకే యీ వ్యాసము.

అమ్మాయి హైదరాబాదులో నొక సంస్థయందు సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు. సంస్థవారి సర్వరులు రేయింబవళ్లు నిలువక నడచునట్లు చూచుట, వానిలోని సమాచారమునకు నకళ్లు తీయించుట, చెడినప్పుడు బాగుచేయుట యామె పనులు. ఇల్లు సరిగా నడచినంతకాలము గృహిణి శ్రమ యెవ్వరికిని గానరాదు; అన్నము మాడిన పూటనే యందఱు నామె వంక జూతురు. ఈ యుద్యోగమును అట్టిదే.

ఆ సర్వరులు లినక్సు అను వ్యవస్థపై నడచును. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అనునాతడు, సాఫ్టువేరు లోపలి వ్రాతను ఎల్లరును చదువుటకు, మార్చుకొనుటకు, పంచిపెట్టుటకు స్వేచ్ఛ యుండవలెనని సంకల్పించి గ్నూ అను పనిని ప్రకటించెను. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, ఇరువదియొక్క యేండ్ల వయసున, లినక్సునకు మూలమైన భాగమును వెలువరించెను. నేడు ప్రపంచములోని సర్వరులలో మిక్కిలి భాగము దీనిపైననే నడచుచున్నవి. విద్యను దాచుకొనక పంచిపెట్టిన యీ యుదారులకు నమస్కరింపవలసినదే.

ఈ వ్యవస్థలో క్రాన్ అను నొక పరిచారకుడు కలడు. ఏ పని యెప్పుడు చేయవలెనో యొక పట్టికలో వ్రాసి పెట్టినచో మఱవక చేయును. వేళను దెలుపుటకు పట్టికలో అయిదు గడులున్నవి: నిమిషము, గంట, తేది, నెల, వారము. ప్రతి నెల మొదటి యాదివారము రాత్రి రెండు గంటలకు సేవను నిలిపి, నకలు తీయవలెనని పైవారి యాజ్ఞ. అమ్మాయి తేది గడిలో 1 మొదలు 7 వఱకును, వారపు గడిలో ఆదివారమును వ్రాసెను. మొదటి యేడు తేదీలలో వచ్చు నాదివారము మొదటి యాదివారమే గదా! అయినను జనవరి మొదటి తేది మొదలు వరుసగా మూడు రాత్రులు సేవ నిలిచిపోయెను. పెద్ద యుద్యోగి యొకడు నలుగురిలో, “ముందు మాన్యువల్ చదివి రమ్ము” అనెను.

ఆమె చదువకపోలేదు. క్రాన్ పట్టికను గూర్చి మాన్యువలు నడుగగా మొదటి ప్రకరణములోని పుట తెఱచుకొనెను. అందు పట్టికను దెఱచు విధమే కాని, గడులను నింపు విధము లేదు. అది యైదవ ప్రకరణములో నున్నది. అక్కడకు బొమ్మను సూచన పుట కట్టకడపట నొక్క ముక్కగా నుండును. కొత్తవారి కన్ను దానిపై బడుట యరుదు.

సంక్రాంతికి మా యింటికి వచ్చినప్పుడు, “పిన్నీ, ఈ పని నా వలన గాదు, మానివేసెదను” అని కంట నీరు పెట్టుకొనెను. ఆ పట్టికను జూపుమని యడిగితిని. నాకు కంప్యూటరు విద్య రాదు. పంచాంగము చూచుట వచ్చును. “తేదియు వారమును రెండును వ్రాసితివి గదా అమ్మాయీ! శనిత్రయోదశివలె రెండును గూడవలెనా, ఏదో యొకటి చాలునా?” అని యడిగితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట వెదకి, అయిదవ ప్రకరణమున నాకొక వాక్యము చదివి వినిపించెను. రెండు గడులను నింపినచో ఏ యొక్కటి సరిపడినను పని జరుగునని యందున్నది. ఆ పరిచారకుడు శనివారము లన్నియు, త్రయోదశు లన్నియు నుపవాసముండు వాడన్నమాట!

వెంటనే పట్టికలో ఆదివారమును మాత్రముంచి, తేది యేడు దాటలేదా యని సరిచూచుటను ఆజ్ఞలోనే చేర్చెను. చేతితో నడిపినచో నది చక్కగా బనిచేసెను. పట్టికలో నుంచినచో జేయలేదు. తేది నడుగుటకు శాతపు గుర్తు కావలెను. ఈ పట్టికలో మాత్రము ఆ గుర్తునకు ముందు వెనుకకు వాలిన గీత లేనిచో, అది పంక్తి ముగింపుగా నెంచబడును. ఇదియు నా పుటలోనే యొక వాక్యముగా నున్నది.

మాన్యువల్ అసత్యమాడలేదు. 1971 నవంబరులో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారి యూనిక్సునకు వెలువడిన మొదటి మాన్యువలు నుండియు నీ పుటలు క్లుప్తముగా, నిక్కముగా వ్రాయబడుచున్నవి. తమ పనిముట్టు లోపములను దామే యొక శీర్షిక క్రింద జెప్పుకొను సదాచారము గూడ నాటినుండియే కలదు. అయినను అవి సూత్రములు. నా బాల్యమున నాయనగారు చిన్నయసూరి బాలవ్యాకరణము చెప్పిరి. సూత్రము లన్నియు నాకు కంఠస్థమే. కాని సంధి నాకు బోధపడినది వారు వాక్యమును విడదీసి, మరల కలిపి, నాచేత పది మారులు చేయించిన పిమ్మటనే. డానియేల్ ప్రోచిదా అనునాతడు సాఫ్టువేరు రచనలను నాలుగుగా విభజించెను: నేర్పు పాఠము, పని జేయు విధము, సమగ్ర వివరపట్టిక, హేతువును దెలుపు వివరణము. మాన్యువల్ వీనిలో మూడవది. మొదటిది కావలసినవానికి మూడవదానిని జూపి, “చదువలేదా?” యని గద్దించుట తగదు.

ఎఱిగినవాడు తాను ఎఱుగని నాటి సంగతిని త్వరగా మఱచును. కావున నిన్న తొట్రుపడినవారే నేడు వ్రాయవలెను. 1992లో నారంభమైన లినక్సు డాక్యుమెంటేషన్ ప్రాజెక్టులో స్వచ్ఛంద సేవకు లనేకులు కొత్తవారికై రచనలు చేసిరి. అందు ఫిన్లండు వాడగు లార్స్ విర్జేనియస్ అడ్మినిస్ట్రేటరుల కొఱకే యొక గ్రంథము నారంభించెను. ఓపెన్‌బీఎస్‌డీ వారు మాన్యువలులోని తప్పును గూడ సాఫ్టువేరు తప్పుగానే యెంచుదురు. ఉచితముగా లభించుట వేరు, అందుకొన గలుగుట వేరు. ప్రక్కన గూర్చుండి చెప్పు పెద్దలు లేని చిన్న యూరి పిల్లకు తెఱచిన తలుపు గూడ మూసినట్లే యుండును.

అమ్మాయి యుద్యోగము మానలేదు. శనిత్రయోదశి యుదాహరణముతో తెలుగునను ఇంగ్లీషునను ఒక పుట వ్రాసి కార్యాలయమున నుంచెను. ఆమె వెనుక చేరిన కుఱ్ఱవాడు దానిని జదివి, యెవ్వరి నడుగకయే పట్టిక నింపెనట.

సోదరీమణులారా! మీ బిడ్డలో కోడండ్రో యీ పనిలో నుండి, అర్ధరాత్రమున దిగులుతో మాటాడినచో, “ఈ కష్టమేల? మానివేయుము” అనకుడు. “ఏ వాక్యము బోధపడలేదు?” అని యడుగుడు. మీకు దెలియకపోయినను సరియే. మీకు దెలియజెప్ప బోయి వారే తెలిసికొందురు. తెలిసినదానిని మఱునాటికి మఱవకమునుపే వ్రాసి యుంచుమనుడు.