రంగు కింద తుప్పు

మా పాకల ముందు వేపచెట్టు నీడలో 2008 మోడలు ఓమ్ని వ్యాను ఒకటి ఉంటుంది. దానిని మేము సెకండ్ హ్యాండులో కొన్నాము. దూరపు గ్రామాలలో రాత్రి కూటాలు ముగిసేసరికి పొద్దుపోయిన రోజులలో, సీటు వెనక్కి మడిచి నేను దానిలోనే నిద్రపోయేవాడిని.

గత సంవత్సరం మా అమ్మగారికి నడుము జబ్బు చేసింది. మూడు నెలలకొకసారి వేలూరు ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలసి వచ్చింది. ఆమె రెండు గంటలకు మించి కూర్చోలేరు. దారిలో ఎక్కడైనా ఆగి కాసేపు నడుము వాల్చితేనే మళ్ళీ ప్రయాణం. లాడ్జి గదులకు పెట్టే శక్తి మాకు లేదు. గనుక ఈ వ్యానునే బాగుచేసి, ఒక పడక అమర్చి, రంగు వేసుకుందామని ఇంటిల్లిపాదీ అనుకున్నాము. చేతిలో ఉన్నది చీటీ పాడిన డబ్బు, 30 వేల రూపాయలు.

ఇటువంటి పడక బండ్లు విదేశాలలో కొత్త కాదు. జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ 1950లో ఒక వ్యానును తయారుచేయడం ప్రారంభించింది. తరువాత కొద్ది ఏళ్ళకే వెస్ట్‌ఫాలియా అనే సంస్థ దానిలో పెట్టుకోవడానికి ఒక చెక్క అమరికను తయారుచేసింది. సెలవులకు దానిని వ్యానులో పెట్టుకొంటే పడక, బీరువా అన్నీ అదే. సెలవులు అయ్యాక తీసివేస్తే మళ్ళీ సామాను బండి. మధ్యతరగతి కుటుంబం ఒకే బండితో రెండు పనులు చేసుకోవచ్చునన్న ఈ ఆలోచన మాకు బాగా నచ్చింది.

స్క్రూడ్రైవరు చెప్పిన సంగతి

మా పెద్దబ్బాయి రంగుల కాగితం తెచ్చి, పైన తెలుపు, కింద ఆకాశ నీలం వేద్దామన్నాడు. నేనూ ఉత్సాహపడ్డాను. బండిని టింకరింగు మేస్త్రీ దగ్గరకు తీసుకొని వెళ్తే, ఆయన రంగు మాట ఎత్తనే లేదు. సీట్లు విప్పి, రబ్బరు మ్యాటు లేపి, స్క్రూడ్రైవరుతో అడుగు రేకును పొడిచాడు. అది అప్పడంలోకి దిగినట్లు కిందికి దిగిపోయింది.

"అయ్యగారూ, ముందు దీని సంగతి చూడండి. రంగు ఎక్కడికీ పోదు" అన్నాడు.

నాకు సిగ్గువేసింది. ఎందుకనగా మూడేళ్ళ క్రితం ఇదే బండికి తలుపుల కింద తుప్పు కనబడితే, వేరొక షెడ్డులో తక్కువ ఖర్చుతో పుట్టీ పెట్టించి పైన రంగు కొట్టించాను. అప్పుడు కొత్త బండిలా మెరిసింది. ఒక్క వానాకాలం గడిచేసరికి రంగు బుడగలుగా లేచింది. రేకుకు వెనుక వైపు నుండి తడి తగులుతూ ఉంటే, ముందు వైపు ఎంత పుట్టీ పెట్టినా నిలువదు. తుప్పు లోపల తన పని తాను చేసుకొంటూనే ఉంటుంది.

మేస్త్రీ ఇంకొకటి కూడా చూపించాడు. బ్రేకు పైపు ఒకచోట తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలుతున్నది. ఆ బండిలోనే నేను మా అమ్మగారిని వేలూరుకు రెండుసార్లు తీసుకొని వెళ్ళి వచ్చాను.

ఆ సాయంత్రం మరొక ఆలోచన వచ్చింది. మా సంఘస్థులలో ఒకాయన ఆ వ్యాను అమ్మితే తాను కొంటానని ఎప్పటినుండో అడుగుతున్నాడు. పైన రంగు వేసి ఆయనకు ఇచ్చివేస్తే మన బాధ తీరుతుంది గదా అని ఇంట్లో అన్నాను. మా శ్రీమతి బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "ఏమండీ, ఆ అడుగు సంగతి కూడా చెప్పే అమ్ముతారా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. సున్నము కొట్టిన సమాధులను గూర్చి ఎన్నోసార్లు ప్రసంగించిన వాడిని. ఆయనకు నలుగురు చిన్నపిల్లలు. వారు కాళ్ళు పెట్టేది ఆ అడుగు మీదనే. తెల్లవారగానే బండిని మళ్ళీ మేస్త్రీ షెడ్డుకే నడిపించాను. మ్యాటు తిరిగి పరచలేదు.

ముందు అడుగు, తరువాత రంగు

పాత బండి బాగుచేయడంలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది వరుస. మొదట బ్రేకులు. తరువాత తుప్పు. తరువాత నీళ్ళు కారే చోట్లు. ఆ తరువాతనే రంగు. చివరిది లోపలి అలంకారము. చాలామంది ఈ వరుసను తలక్రిందులు చేసి నష్టపోతున్నారు.

వెల్డింగుకు ముందు మేస్త్రీ బ్యాటరీ తీగలు ఊడదీశాడు, పెట్రోలు ట్యాంకు దించివేశాడు. ఈ జాగ్రత్త లేకుండా ఎవరైనా వెల్డింగు మొదలుపెడితే అడ్డుచెప్పండి. తుప్పు తిన్న రేకును గట్టి రేకు తగిలేవరకు కోసివేసి, కొత్త రేకు అతికించాడు. దానికి పైనా కిందా ప్రైమరు పూసి, ఆరిన తరువాత అడుగున తారులాంటి అండర్ కోటింగు వేశాడు.

తలుపుల అడుగున నీరు పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. మా బండిలో అవి మట్టితో, వేపాకుతో పూడిపోయి ఉన్నాయి. వాన నీరు తలుపులోనే నిలిచిపోయేది. తుప్పుకు అసలు కారణం అదే. సన్నని తీగతో పొడిస్తే రెండు నిమిషాలలో తెరుచుకున్నాయి! ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు ఎండి పగిలిపోతే దానిని కూడా మార్చాము.

రంగు వేసిన విధము

స్ప్రే పెయింటింగుకు అడిగిన ధర మా శక్తికి మించినది. గనుక సింథటిక్ ఎనామెలు రంగును స్పాంజి రోలరుతో మేమే వేసుకున్నాము. అది నిదానంగా ఆరుతుంది గాని ఖర్చు తక్కువ, చేతితో వేయడానికి అనువైనది. గట్టిపడే రసాయనం కలిపి వేసే ఖరీదైన రంగుల పొగమంచు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. తగిన ముసుగు, గాలి వసతి లేకుండా వాటిని ఇంటి దగ్గర స్ప్రే చేయరాదు.

మొదట బండి అంతా సబ్బు నీళ్ళతో జిడ్డు పోయేలా కడిగాము. ముక్కుకు గుడ్డ కట్టుకొని, తుప్పు మచ్చలను ఇనుప బ్రష్షుతో, గరుకు కాగితంతో మెరిసే రేకు కనబడేవరకు గీకాము. పాత రంగు గట్టిగా ఉన్నచోట గీకివేయలేదు. దాని నునుపు పోయేలా రుద్దాము, అంతే. రేకు బయటపడిన చోట ఆ రోజే రెడ్ ఆక్సైడు ప్రైమరు వేశాము. ఒక్క రాత్రి తేమకు వదిలినా మళ్ళీ తుప్పు పుడుతుంది. ప్రైమరు బాగా ఆరాక చొట్టలున్న చోట మాత్రమే, ఆ ప్రైమరుకు సరిపోయే పుట్టీని పలుచగా పెట్టి రుద్దాము.

రంగును టర్పెంటైనుతో కాస్త పలుచన చేసి, ఐదు పలుచని పూతలు వేశాము. రోజుకు ఒకటే పూత. తొందరపడి మందంగా వేస్తే కారుతుంది, ముడతలు పడుతుంది. రెండవ పూత తరువాత, నాలుగవ పూత తరువాత 600 నంబరు వాటర్ పేపరుతో తడిపి రుద్దాము. వాన మబ్బు ఉన్న రోజు పని ఆపివేశాము. దుమ్ము లేవకుండా నేల మీద నీళ్ళు చల్లాము. మా పిల్లలిద్దరూ తలా ఒక వైపు తీసుకున్నారు. చిన్నవాడి వైపు ఇప్పటికీ రెండు కన్నీటి చారలున్నాయి. వాటిని అలాగే ఉంచాము.

నీలం రంగు మాత్రం వేయలేదు. ఆర్.సి.లో తెలుపు అని ఉన్నది. రంగు మార్చితే రవాణా కార్యాలయంలో దరఖాస్తు పెట్టి ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. పైగా మన ఎండలకు తెలుపే చల్లన.

పడక, రెండు హెచ్చరికలు

మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కాబట్టి సీట్లు తీసివేయలేదు. వెనుక సీటు మడిచి, దాని మీద ఆనేలా కాళ్ళు గల ప్లైవుడ్ బల్ల ఒకటి చేయించి, పైన పలుచని పరుపు వేశాము. బండి ఆగినప్పుడే పడక. నడిచేటప్పుడు అమ్మగారు సీటులో బెల్టు పెట్టుకొని కూర్చుంటారు.

నిద్రపోయేటప్పుడు ఇంజను నడుపుతూ ఉంచకండి. వ్యాను లోపల బొగ్గుల కుంపటి గాని, గ్యాసు పొయ్యి గాని వెలిగించకండి. ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల కిందనే ఉంటుంది. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవానులో ఇద్దరు మనుష్యులు చనిపోయి కనబడ్డారు. జనరేటరు నుండి వచ్చిన కార్బన్ మోనాక్సైడు వాయువే కారణమని పరిశీలనలో తేలింది. దానికి వాసన లేదు, రంగు లేదు. అద్దాలు కొంచెం దించి, దోమతెర కట్టుకొని పడుకోండి.

పాత బండి కొనేవారు, బాగుచేసేవారు ఆర్.సి. గడువు కూడా చూసుకోవాలి. సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. ఆ తరువాత బండి తనిఖీ చేయించి 5 ఏళ్ళకొకసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిలు నుండి ఆ రుసుము బాగా పెరిగింది. ఓమ్ని తయారీ 2019లోనే ఆగిపోయింది. గనుక విడిభాగాలు దొరుకుతాయో లేదో ముందుగా విచారించుకోండి.

మా లెక్క ఇది. అడుగు రేకు పనికి 11,500; బ్రేకులకు 5,500; బీడింగుకు 900; రంగు సామానుకు 6,200; బల్లకు, పరుపుకు 4,300. మొత్తం 28,400 రూపాయలు. ఇందులో సగానికి పైగా ఎవరికీ కనబడని చోటనే ఖర్చయింది. మీ ఊరి ధరలు వేరుగా ఉండవచ్చు గాని, వరుస మాత్రం ఇదే ఉంచుకోండి.

మొన్న వేలూరు వెళ్ళినప్పుడు దారిలో ఒక చింతచెట్టు కింద బండి ఆపాము. అమ్మగారు గంటసేపు హాయిగా నిద్రపోయారు. ఒక లారీ డ్రైవరు వచ్చి, రోలరు గుర్తులు చూసి, "రంగు సరిగా రాలేదు సార్" అన్నాడు. నిజమే, రాలేదు. ఈసారి వానలు మొదలవకముందే మీరు కూడా మీ బండి మ్యాటు ఒకసారి ఎత్తి చూడండి.